ఛాతీ ఎత్తున గుండీ

ఇదొక ఇతిహాసం. ఇందులో ఒక అరణ్యం ఉంది. ఆ అరణ్యం మీదికి దండెత్తి వచ్చిన సైన్యం ఉంది. సైన్యానికి అడ్డం నిలబడ్డ ఒంటరి వీరుడున్నాడు. ఇచ్చిన మాట ఉంది, కూలిన రాజ్యం ఉంది, వందేళ్ల ముందుచూపు ఉంది. చివర్లో ఒక మరణం కూడా ఉంది.

కొంచెం సవరించుకుంటాను. అరణ్యం అంటే గూడూరు అవతల ఒక గుట్ట వాలు. బైకు మీద చుట్టి వచ్చేలోపు చాయ చల్లారదు. సైన్యం అంటే రెండు జేసీబీలు, అందులో ఒకటి రిపేరు. వీరుడికి షుగరు, మోకాళ్ల నొప్పులు. యుద్ధం జరిగింది ఒక ఫొటో ఏ నెలలో తీశారన్నదాని మీద. రాజ్యం కూలలేదు, ఇంకా బాగానే నడుస్తోంది. మరణం మాత్రం నిజమే.

సారు పోయిన సంగతి నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన ఎవరి కొడుకుదో పుట్టినరోజు కేకు. కింద, మొక్కల గుంతల ఫొటోలు ఇంకా పంపని వారికి ఆఖరి హెచ్చరిక. మధ్యలో సారు. పాస్‌పోర్టు సైజు ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ. కింద వరసగా ఓం శాంతులు. ఒకాయన అలవాటు కొద్దీ బొటనవేలు పెట్టి, వెంటనే తీసేసి, రెండు చేతులు జోడించాడు.

నేను ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాను. ముఖం కోసం కాదు, గుండీ కోసం. ఫొటో మెడ దగ్గరే ఆగిపోయింది.

గుండీ సంగతి చెప్పాలి. చెట్టు లావు కొలవాలంటే ఎక్కడపడితే అక్కడ టేపు చుట్టకూడదు. మొదలు దగ్గర లావుంటుంది, పైకి పోతున్నకొద్దీ సన్నబడుతుంది. అందుకని మనిషి ఛాతీ ఎత్తులో కొలవాలని రూలు. ఎవరి ఛాతీ అని మాత్రం అడగొద్దు, దానికి దేశమంతటికీ కలిపి ఒక లెక్క పెట్టారు. అందరూ ఆ ఎత్తుకు కోసిన కర్ర ఒకటి పట్టుకుని అడవికి పోతారు. సారు కర్ర పట్టుకునేవారు కాదు. జనగామలో ఆయనకొక దర్జీ ఉన్నాడు. చొక్కా ఏదైనా సరే, నేల నుంచి సరిగ్గా ఆ ఎత్తుకు వచ్చేటట్టు ఒక నల్ల గుండీ కుట్టేవాడు. మిగతావన్నీ తెల్లవి. సారు చెట్టుకు ఎదురుగా నిలబడి, నల్ల గుండీని బెరడుకు ఆనించి, రెండు చేతులూ చాపి టేపు చుట్టేవారు. దూరం నుంచి చూసినవాళ్లకు పండుగపూట చెట్టుతో అలయ్ బలయ్ చేసుకుంటున్నట్టు ఉండేది.

సారు మా ఆఫీసుకు వచ్చేనాటికే రిటైర్మెంటు దగ్గరపడింది. నడుం వంగుతోంది. నడుం వంగితే గుండీ కిందికి దిగుతుంది. గుండీ దిగితే చెట్టు లావు పెరుగుతుంది. ఆ కొలతలన్నీ కంప్యూటర్లో ఎక్కించేవాణ్ని నేనే కాబట్టి చెబుతున్నా, ఆ ఏడాది మా డివిజన్ అడవి బ్రహ్మాండంగా పెరిగింది. వానల వల్ల కాదు, సారు వెన్నుపూస పుణ్యాన.

ఈ ముక్క ఆయన ముందే అన్నాను. పక్కన అటెండరు నవ్వాపుకోలేక నీళ్ల క్యాను వెనక్కి పోయాడు. సారు నవ్వలేదు. చొక్కా వైపు చూసుకున్నారు, నా వైపు చూశారు. మళ్లీ వారం గుండీ ఒక వేలెడు పైకి జరిగి వచ్చింది. అడవి ఎప్పటిలాగ సన్నబడింది.

నేనెవరంటే, జఫర్‌గఢ్ పిల్లగాణ్ని. చేతిలో ఒక డిగ్రీ ఉంది, దాంతో ఏం చేయాలో తెలియక మానుకోటలోని అటవీశాఖ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద మ్యాపులు తీసే పనికి కుదిరాను. సారు నన్ను ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. ఎప్పుడూ జోకులేస్తానని "మజాక్‌గా" అనేవారు. "ఓ మజాక్‌గా, జర ఆ గుట్ట బొమ్మ పెద్దగ జెయ్." నేను పెద్దగా చేసేవాణ్ని. మా ఇద్దరి బంధం అంతే, అంతకంటే పెద్దగా చేయడానికి అందులో ఏమీ లేదు.

సారు పని ప్లాన్ రాయడం. ప్రతి డివిజన్‌కూ పదేళ్లకోసారి ఒక పుస్తకం రాస్తారు. ఏ గుట్ట మీద ఏ చెట్లున్నాయి, ఎక్కడ పెంచాలి, ఎక్కడ కొట్టాలి, ఎక్కడ వేలు పెట్టకూడదు, అంతా అందులో ఉంటుంది. రాసేది పదేళ్లకే అయినా ఆలోచన వందేళ్లది. టేకు కోతకు వచ్చేసరికి నాటినాయన ఉండడు కదా. మా ఆఫీసులో పాత ప్లాన్ నా కంప్యూటర్ తెర కింద ఉండేది, తెరకు ఎత్తు చాలక. సారు వచ్చిన మొదటిరోజే తెర ఎత్తి, పుస్తకం తీసి, భుజం మీది తువ్వాలతో దుమ్ము తుడిచారు.

"దీంట్ల ఉన్న చెట్లు నీ తాత కంటె పెద్దయిరా."

"మెడ నొప్పి సార్," అన్నాను.

"వందేండ్లది మాట్లాడుతుంటె మెడ గురించి చెప్తవేందిరా?"

ఆ మాట తర్వాత నేను ఎన్నిసార్లు విన్నానో. అటెండరు నీళ్ల క్యాను అయిపోయిందంటే, "వందేండ్లది మాట్లాడుతుంటె నీళ్ల క్యానంటవేందయ్యా?" డ్రైవరు టైరు పంచరయిందంటే, "వందేండ్లది మాట్లాడుతుంటె టైరంటవేందయ్యా?" టైరు మార్చేదాకా మేము రోడ్డు పక్కన నిలబడి వందేళ్లది మాట్లాడుకునేవాళ్లం.

ఇంట్లో ఈ పప్పులు ఉడికేవి కావు. ఒకసారి ఏవో కాగితాలకని జనగామలో వాళ్లింటికి పోయాను. అమ్మ, అంటే సారు భార్య, తలుపు తీసి కూర్చోమని, లోపలికి కేక వేసింది. "వందేండ్లకు ఏ గుట్ట మీద ఏ చెట్టుంటదో చెప్తడు. పొద్దూకి చాయకు పాలున్నయో లేవో చెప్పమను."

సారు లోపలి నుంచి, "పాలు ప్లాన్ల రావు," అన్నారు.

"బొక్క వచ్చిందా మరి ప్లాన్ల?" అంది అమ్మ.

బొక్క పైన ఉంది. ఇల్లు కట్టేటప్పుడు పోర్టికో శ్లాబులో సారు గుండ్రంగా ఒక బొక్క వదిలించారట, చెట్టు పెరిగి అందులోంచి పైకి పోవడానికి. ఎంత లావు చెట్టు, ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుంది, గాలి ఎటునుంచి వస్తుంది, అన్నీ లెక్కకట్టి మేస్త్రీతో గొడవపడి మరీ వదిలించారు. ఇల్లయింది, గృహప్రవేశమైంది, పిల్లల పెళ్లిళ్లయినయి. ఏ చెట్టు పెట్టాలో మాత్రం ఇంకా తేలలేదు. టేకు పెడితే వేర్లు, వేప పెడితే ఆకులు, బొగడ అయితే నిదానం. వానకాలం వస్తే బొక్క కింద అమ్మ టబ్బు పెట్టేది. ఆ ఇంట్లో సారు ప్లాన్ వల్ల పెరిగింది ఆ టబ్బు ఒక్కటే. మొదట చిన్నది ఉండేదట.

ఇగ గుట్ట సంగతికి వస్తాను.

కొత్త ప్లాన్ కోసం పై నుంచి ఉపగ్రహం తీసిన బొమ్మలు వచ్చాయి. ఏ చోట అడవి ఎంత చిక్కగా ఉందో రంగులు వేసి ఉంటుంది. గూడూరు అవతలి గుట్ట వాలు తెల్లగా ఉంది. తెలుపంటే ఖాళీ నేల. ఎప్పటిలాగే సారు, చూసి రావాలి అన్నారు. శ్రావణమాసం, నేల చిత్తడి చిత్తడిగా ఉంది. జీపు దిగి పైకి ఎక్కితే వాలంతా ఇప్పచెట్లు, ఒకదాని నెత్తి ఇంకోదానికి తగులుతోంది. చినుకులు మొదలైతే ముగ్గురం ఒక చెట్టు కిందికి పోయాం. నేను బొమ్మ తీసి చూశాను.

"సార్, మనం ఇప్పుడు లేని చెట్టు కింద నిలబడ్డం."

"తడుస్తున్నమా?"

"లేదు సార్."

"మరి లేదంటవేంది."

ముగ్గురిలో మూడో మనిషి మంగ్లి. గుట్ట కింది తండాలో పెద్దామె. తండా అంతా ఆమెను యాడీ అంటుంది, వాళ్ల భాషలో అమ్మ అని. మమ్మల్ని చూసి గొర్రెలు కొనడానికి వచ్చినవాళ్లమనుకుని పైకి వచ్చింది. సారు ఆమెకు బొమ్మ చూపించి, ఇది మీ గుట్టనే అవ్వా, పైనుంచి తీసిన్రు, అని చెప్పారు. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గిది ఎప్పుడు దీసిన్రు సారూ?"

సారు మూలన ఉన్న తారీకు చూశారు. చూసి, చెట్టు వైపు చూసి, తనలో తాను నవ్వుకున్నారు. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఎండకాలం మొదట్ల తీసిన్రు. మబ్బులుండవని తీసిన్రు."

"గప్పుడు మా చెట్లకు ఒక్క ఆకుండదు గదా," అంది మంగ్లి. "ఆకు రాలినంకనే పువ్వు రాలుతది. పువ్వు కనబడాలని కింద అంత ఊడ్సి పెడతం. ఎవల చెట్టు కింద వాళ్లు. మా వాకిళ్లన్న గంత సాపుగ ఉండవు."

అదీ జరిగింది. ఇప్పచెట్టు ఆకంతా రాల్చి, ఒట్టి కొమ్మలతో పువ్వు పూస్తుంది. పువ్వు తెల్లారేసరికి నేల రాలుతుంది. తండా వాళ్లు ముందే చెట్టు కింద చెత్త కాల్చి, చీపురుతో అద్దంలాగ ఊడ్చి ఉంచుతారు. వాటి పువ్వూ, గింజల పలుకూ అమ్ముకుని వాళ్లు ఎండకాలం గట్టెక్కుతారు. ఆకాశం నుంచి చూసినవాడికి ఏం కనిపిస్తుంది? ఊడ్చిన నేల. ఖాళీ.

ఖాళీ అయితే ఏమైతది అని మంగ్లి అడిగింది. సారు చెప్పారు. భూపాలపల్లి దిక్కు బొగ్గు కోసం కొంత అడవి పోతుంది. పోయిన అడవికి బదులు ఇంకోచోట అడవి పెంచాలని రూలు. పెంచడానికి ఖాళీ జాగ కావాలి. ప్లాన్‌లో తెల్లగా ఎక్కడుంటే అక్కడికి వస్తారు.

"అడివి పెంచనీకి అడివి కొడతరా?" అంది ఆమె.

"కొట్టరు. ప్లాన్ల దిద్దిస్త. నాది పూచీ," అన్నారు సారు. నల్ల గుండీని చెట్టుకు ఆనించి కొలత తీశారు. కొలత అవసరం లేదు. ఒట్టు వేసినట్టు తీశారంతే.

కిందికి దిగాక తండాలో చాయ పోశారు. మంగ్లి కొడుకు రవి ఆటో నడుపుతాడు, మాట కొంచెం వాడి. "సార్, మీ ప్లాన్ ఎప్పుడు దిద్దుతరో ఏందో. మేం సోమవారం కలెక్టరాఫీసుకు పోతం. అందరం ట్రాక్టర్ కట్టుకొని పోయి గేటు ముంగట కూసుంటం. పేపర్ల కూడ ఏపిస్తం."

సారు గ్లాసు కింద పెట్టారు. "కూసుంటవు బిడ్డా. ఎన్ని దినాలు కూసుంటవు? టెంటు పీకినంక మళ్ల ఎవడో ఒకడొస్తడు. అదే ప్లాన్ల ఎక్కిందనుకో, పదేండ్లు దాన్ని ఎవ్వడు ముట్టడు. గిది కాయిదం మీద గెలిచే పని. మీరు ఒర్రుకుంట పోతె వాళ్లు మొండికేస్తరు. జర ఓపిక పట్టుండ్రి."

రవి తల్లి వైపు చూశాడు. మంగ్లి సారు వైపు చూసింది. అన్నేళ్లుగా ఆఫీసోళ్లు చాలామంది వచ్చారు ఆ గుట్టకు. చెట్టును కౌగిలించుకున్నవాడు మాత్రం ఈయనొక్కడే.

"సారు చెప్పిండు గద," అంది. ట్రాక్టర్ కట్టలేదు.

నేను సారు మీద ఎన్ని జోకులైనా వేస్తాను గాని ఆయన పని చేయలేదని ఎవరైనా అంటే ఊరుకోను. చేశారు. రాసి పంపారు, మళ్లీ రాసి పంపారు. భూపాలపల్లిలో పెద్ద మీటింగు పెట్టినప్పుడు నన్ను కూడా తీసుకుపోయారు, బొమ్మలు తెర మీద మార్చడానికి. ఏసీ హాలు, జీడిపప్పు, ప్రతి కుర్చీ ముందు ఒక నీళ్ల సీసా. సారు వంతు వచ్చింది. శ్రావణంలో నేను తీసిన ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తూ, ఇక్కడ అడవి ఉంది, బొమ్మ తీసిన నెల తప్పు, అని చెప్పారు. పైన కూర్చున్న పెద్దాయన మర్యాదస్తుడు. అంతా విన్నాడు.

"మీరన్నది నిజమే సార్. కానీ ఈ బొమ్మ చూడండి, ఒక్క మబ్బు లేదు. ఇంత క్లియర్ బొమ్మ మనకెప్పుడూ రాలేదు."

"మబ్బు లేదు సార్. ఆకు గూడ లేదు."

హాలులో నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వి, "సరే, మనుషులను పంపి చూపిద్దాం. వాళ్లేం రాస్తే అదే ఫైనల్," అన్నాడు. సారు ముఖం వెలిగిపోయింది. తిరుగుదారిలో జీపు ఆపించి, నాకూ డ్రైవరుకూ మిర్చిబజ్జీలు ఇప్పించారు. "చూసినవారా మజాక్‌గా? పద్ధతి ప్రకారం పోతె అన్నయితయి."

పద్ధతి ప్రకారమే అయింది. మనుషులను పంపడానికి డీజిల్ కావాలి, డీజిల్‌కు బడ్జెట్ కావాలి. బడ్జెట్ మార్చి నెలాఖరుకు ఖర్చుపెట్టకపోతే వాపసు పోతుంది. కాబట్టి ఏడాది పొడుగునా కదలని జీపులన్నీ మార్చిలో కదులుతాయి. మా గుట్టకు కూడా మార్చిలోనే వచ్చాయి.

తారీకు తెలియగానే సారు పోస్ట్‌పోన్ చేయించాలని చూశారు. కుదరదన్నారు. అయినా ధైర్యంగానే ఉన్నారు. ఆకులేకపోతే ఏమాయె, మాన్లు కనబడతయి గదా, కళ్లున్నోడెవడైన చూస్తడు అన్నారు. ఆయన వేసుకోని లెక్క ఒకటుంది. పెద్దసార్లు వస్తున్నారని తండాకు కబురు పోయింది. ఇంటికి చుట్టమొస్తుంటే ఏం చేస్తారు? ఊడుస్తారు. తండా తండా అంతా ముందురోజే గుట్టెక్కింది. ఎవరి చెట్టు కింద వాళ్లు ఊడ్చుకోవడం కాదు, ఈసారి వాలంతా ఊడ్చారు. ఎండుటాకు లేదు, గడ్డిపోచ లేదు, రాయి మీద దుమ్ము లేదు. మేము పోయేసరికి మంగ్లి చీపురు చేతపట్టుకుని, గెలిచిన మనిషి లాగ నిలబడి ఉంది.

"ఎట్లున్నది సారూ?" అంది.

సారు వంగి నేలను వేలితో తాకి చూశారు, దుమ్ము అంటలేదు. 

వచ్చింది ఇద్దరు కుర్రాళ్లు. ఏదో కన్సల్టెంటు కంపెనీ, చేతుల్లో ట్యాబులు. చెడ్డవాళ్లు కాదు పాపం. అందులో ఒకడిది కోస్తా దిక్కు, అండీ అనకుండా వాక్యం ముగించడు. ట్యాబ్ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. పన్నెండు గంటల ఎండలో నీడ ఎంత? చెట్ల కింద నీడ లేదు, కొమ్మల గీతలున్నాయి. సున్నా. నేల మీద ఆకు, గడ్డి? సున్నా. నేల రకం? ఫొటో తీశాడు. తెల్లగా, నున్నగా వచ్చింది.

"ఏమండీ, చెట్లు ఉన్నాయి గానీ ఆకులు లేని చెట్లకు ఆప్షన్ లేదండీ. చచ్చిపోయిన చెట్లు అని ఒకటుందండీ. అది పెట్టనా?"

"సచ్చినయా?" సారు గొంతు మొదటిసారి లేచింది. "పువ్వు పడుతున్నది సూడు బిడ్డా నీ నెత్తిమీద!"

పడింది నిజమే. ట్యాబ్ మీద కూడా ఒకటి పడింది. కుర్రాడు రుమాలుతో తుడిచాడు, జిగటగా ఉండి పోలేదు. "పువ్వులకు కాలమ్ లేదండీ," అన్నాడు బాధగా.

"వానలు పడ్డంక రా. నాలుగు నెలలాగి రా. నేనే బండి పెట్టి తోలుకొస్త."

"ఈ ట్యాబు ముప్పై ఒకటో తారీకు దాకే పనిచేస్తుందండీ."

సారు వందేళ్లది మాట్లాడదామని నోరు తెరిచి, మూసుకోవడం నేను చూశాను.

ఆ వేసవిలోనే సారు రిటైరయ్యారు. శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు, కుండీలో ఒక మొక్క చేతిలో పెట్టారు. ఈ మొక్క పేరేందని సారు అడిగారు. ఎవరికీ తెలియదు. నర్సరీ బిల్లులో కూడా 'మొక్క, ఒకటి' అనే ఉంది.

రిటైరైన మనిషి ఇంట్లో కూర్చోలేదు. ఫైలు హైదరాబాదు పోయిందని తెలిసి దాని వెనక తిరగడం మొదలుపెట్టారు. అట్లా తిరుగుతుండగానే ఒకరోజు పొద్దున రవి నాకు ఫోన్ చేశాడు. వెనక నుంచి మిషన్ల మోత.

"అన్నా, జేసీబీలు వచ్చినయి. సారు ఫోన్ బందున్నది. ఏంజెయ్యాలె జెప్పు!"

సారు ఫోన్ నిజంగానే బందుంది. హైదరాబాదులో ఒక పెద్దాఫీసరు గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. సెల్‌ఫోన్లు ఆపివేయవలెను అని గోడ మీద రాసి ఉంటే ఆపేశారు. ఆ గోడల మీద రాసినవి చదివి పాటించిన మనిషి బహుశా ఆయనొక్కడే. నేను ఇటు మా ఆఫీసులో నాకు తెలిసిన ప్రతి తలుపూ తట్టాను. చచ్చిన చెట్లు తీసేస్తున్నారు, దానికేముంది అన్నారు. రవి వాళ్లు మిషన్లకు అడ్డం పోయారు. ఆపాలంటే కాగితం చూపించమన్నారు. కాగితం కోసమే సారు బెంచీ మీద కూర్చున్నారు. ఒక జేసీబీ మధ్యలో ఆగిపోతే తండా వాళ్లు దేవుడనుకున్నారు. హైడ్రాలిక్ పైపు. మానుకోట నుంచి మెకానిక్ వచ్చి మార్చాడు.

సాయంత్రం సారు ఫోన్ ఆన్ చేసి ముందు నాకే చేశారు. గొంతు హుషారుగా ఉంది. "మజాక్‌గా, సారు ఒప్పుకున్నడురా! పరిశీలిస్తమని రాసిండు!"

వాలు మీద ఇక చెట్లు లేవని నేను చెప్పాను. 

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పరిశీలిస్తామన్నవాళ్లు నిజంగానే పరిశీలించారు. వానలు పోయి చలి మొదలయ్యాక ఉత్తరం వచ్చింది. సదరు గుట్ట వాలు ఖాళీ నేల కాదు, సహజ అటవీ ప్రాంతమే అన్న అభ్యర్థన సహేతుకంగా ఉన్నది, వచ్చే ప్రణాళికలో ఆ మేరకు సవరించబడును. సారు జనగామ నుంచి రైలెక్కి, స్వీటు డబ్బాతో మా ఆఫీసుకు వచ్చారు. టేబులు టేబులుకూ తిరిగి పంచారు. "గెలిచినంరా," అన్నారు. నేను ఆయన ముఖంలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. మనస్ఫూర్తిగా అన్నారు. నాకు జీవితంలో ఏ మైసూర్‌పాక్ అంత చేదుగా లేదు. అంటే, నెయ్యి కూడా పాతదే.

"తండాకు పోయి చెప్పొస్తం పా," అన్నారు.

వద్దని చెప్పాను. వినలేదు. నా బైకు వెనక కూర్చుని, నెల్లికుదురు దిక్కు ఆయన పాత స్టాఫు ఎవరో ఉంటే ఆ కబుర్లు చెబుతూ వచ్చారు. గుట్ట వాలు మీద జామాయిల్ మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. మధ్యమధ్యలో ఇప్ప మొద్దులు, మోకాలెత్తు. సారు ఒక మొద్దు దగ్గర ఆగి, అలవాటుగా టేపు తీశారు. ఛాతీ ఎత్తు చూసుకున్నారు. నల్ల గుండీ ముందు గాలి తప్ప ఏమీ లేదు. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్ వస్తుంది. ఇక్కడ టేపు మెలికపడి జామాయిల్ మొక్కకు చుట్టుకుంది. ఇద్దరం వంగి దాన్ని విడదీసేసరికి నా నడుం పట్టింది.

మంగ్లి ఇంటి ముందు కూర్చుని ఉంది. రవి మమ్మల్ని చూసి ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం లేచి నులకమంచం వాల్చింది. సారు ఉత్తరం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, చదివి, అర్థం చెప్పారు.

"వచ్చే ప్లాన్ల దీన్ని అడివే అని రాస్తరు అవ్వా. ఒప్పుకున్నరు."

మంగ్లి గుట్ట వైపు చూసింది. ఆమె ఉన్న చోటు నుంచి వాలంతా కనబడుతుంది.

"దేన్ని సారూ?" అంది.

తిట్టలేదు. నిజంగానే అడిగింది, తెలియక అడిగినట్టు. సారు ఉత్తరం మడిచారు. ఇంకో మడత మడిచారు. చివరికి అది మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక జేబులో పెట్టుకున్నారు.

"మేం సోమవారం పోదమనుకున్నం," అంది మళ్లీ. "మీరు ఓపిక పట్టమన్నరని ఆగినం." చెంబుతో నీళ్లిచ్చింది. సారు తాగారు. షుగరున్నవాళ్లకు దూప ఎక్కువ.

తిరిగి బైకు మీద వచ్చాం. స్టేషన్ దగ్గర దిగాక, "రైలు ఎన్నిటికిరా?" అన్నారు. వందేళ్ల మనిషి టైము అడగడం నేను వినడం అదే మొదటిసారి. ఆఖరుసారి కూడా.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లు దాటింది. పోయిన వారం జనగామ పోయి అమ్మను పలకరించి వచ్చాను. పోర్టికోలో టెంటు వేశారు. బొక్క కింద సారు ఫొటో పెడితే వాన కురుస్తుందని పక్కకు జరిపారు. హాలులో తాడు మీద ఆయన చొక్కాలు ఆరేసి ఉన్నాయి, ఎవరికో ఇవ్వడానికి. ఆగలేక దగ్గరికి పోయి చూశాను. అన్నీ తెల్ల గుండీలే. నల్లది ఒక్కటి కూడా లేదు. నాలో ఏదో కదిలింది. ఆ గుట్ట చూసొచ్చాక సారు ఇక చెట్లు కొలవనని ఆ గుండీ తెంపేయించారన్నమాట. రాయడానికి ఎంత గొప్ప ముగింపు.

"అమ్మా, నల్ల గుండీలు తీసేయించిండా సారు?"

"ఏడ బిడ్డా, ఆ దర్జీ దుకాణం ఎత్తేసిండు. గివి రెడీమేడువి."

చొక్కా ఒకటి మడతపెడుతూ ఆమే అడిగింది. "దవాఖానల పడుకొని గూడ ఆ గుట్ట సంగతే. వచ్చే ప్లాన్ల అడివని రాస్తరా రాయరా అని నన్ను పరేషాన్ జేసిండు. నాకేం ఎరుక? నువ్వు ఆఫీసుల ఉంటవు గద, రాస్తరా బిడ్డా?"

"రాస్తరమ్మా," అన్నాను. "పక్కా రాస్తరు."

ఓదార్పు కోసం అన్నది కాదు. కొత్త ప్లాన్ పనులు అప్పుడే మొదలైనయి. బొమ్మలు ఈసారి కూడా ఎండకాలంలోనే తీయిస్తున్నారు, మబ్బులుండవని. జామాయిల్ ఎండకాలంలో ఆకు రాల్చదు.